ముందు చెవి, తరువాత నాలుక
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇట్టి సభలలో గ్రంథాలయోద్యమ చరిత్రను గూర్చి మాటలాడుట ఆచారము. 1914లో బెజవాడలో జరిగిన మహాసభను గూర్చియు, 1935లో పెదపాలెమునుండి కాలువపై బయలుదేరిన పడవ గ్రంథాలయమును గూర్చియు నాకు ముందు మాటలాడిన మిత్రులు చక్కగా సెలవిచ్చిరి. నేను దానిని మరల చెప్పను. ఆ యుద్యమములోని సంగతి ఒక్కటి మాత్రము జ్ఞాపకము చేసెదను. ఆ దినములలో చదువు వచ్చినవాడొకడు అరుగుమీద కూర్చుండి పత్రికను బిగ్గరగా చదువుచుండగా, చదువు రానివారు చుట్టును చేరి వినెడివారు. అనగా మన గ్రంథాలయములు కన్నుల కొఱకే గాక చెవుల కొఱకును పుట్టినవి. నేడు నేను చెప్పబోవునది చెవిని గూర్చిన మాట. పలుకు తిరుగని పిల్లలకు వినుట ఎట్లు నేర్పవలెనన్నది నా విషయము.

నేను వైద్యుడను గాను. 33 సంవత్సరములు ప్రాథమిక పాఠశాలలో పిల్లలకు అక్షరములు దిద్దించితిని. ఈ విషయమును గూర్చి మాటలాడుటకు నాకు గల అర్హత ఏమనగా, ఇందులో నేనొక పెద్ద తప్పు చేసితిని. మొదట దానిని చెప్పుకొందును.

నా ఉద్యోగపు తొలి సంవత్సరములలో, వేఱొక గ్రామమున, ఆరేండ్ల బాలుడొకడు నా తరగతిలో ఉండెను. బుద్ధిమంతుడు. లెక్కలు చురుకుగా చేసెడివాడు. కాని వానికి 'క' పలుకదు. 'క' ఉన్నచోటనెల్ల 'త' పలుకును. కాకి 'తాతి', కోతి 'తోతి', కుక్క 'తుత్త'. నేను వానిని నిలువబెట్టి "కాకి అను" మంటిని. వాడు "తాతి" అనెను. మరల అనుమంటిని. మరల "తాతి" అనెను. ఆ విధముగా ఏబది సారులు అనిపించితిని. తరగతి యంతయు నవ్వెను. వాని తలమీద ఒక మొట్టికాయ కూడ వేసితిని. మఱునాటినుండి బడిలో వాని పేరు 'తాతి' అయ్యెను. రెండవ తరగతి ముగియకమునుపే వాడు బడి మానెను. చాల సంవత్సరముల తరువాత ఒక సంతలో కనబడినాడు. నన్ను గుర్తించి చేయెత్తి నమస్కరించెను గాని నోరు తెఱవలేదు.

నేను వానికి 'కాకి' నేర్పితినని అనుకొంటిని. నిజమునకు 'తాతి'ని ఏబది సారులు సాధన చేయించితిని. ఈ మాట నాకు ఉద్యోగ విరమణ చేసిన పిమ్మటగాని తెలియలేదు. తెలియజెప్పినది మా మనుమరాలు.

దానికప్పుడు నాలుగున్నర సంవత్సరములు. దానిదియు అదే పలుకు. తన అక్కను 'అత్త' అని పిలిచెడిది. ఇంటికి వచ్చిన చుట్టములు ఇది విని ముచ్చటపడి మరల మరల అనిపించి నవ్వుచుండిరి. పిల్ల మాత్రము క్రమముగా అక్కను పిలుచుటయే మానివేసి, కొంగు పట్టుకొని లాగుట మొదలుపెట్టెను. అది చూచి మా అమ్మాయి భయపడి పట్టణమున ఒక వాక్చికిత్సకురాలియొద్దకు తీసికొనిపోయెను. నేనును వెంట పోతిని.

ఆమె మొదట చెవి పరీక్ష చేయించినది. వినికిడి సరిగా ఉన్నదని తేలిన పిమ్మట వారమునకు రెండు దినములు రమ్మన్నది. ఆరు వారములు గడచినవి. ఆ ఆరు వారములలోను ఆమె మా పిల్లచేత ఒక్క 'క' కూడ పలికించలేదు! బొమ్మలు పరచుట, గింజలు గిన్నెలో వేయించుట, పిల్ల నవ్వుట, మేము తిరిగి వచ్చుట. మా అల్లునికి కోపము వచ్చినది. "మాటలు నేర్పమని పంపితే ఆటలు ఆడిస్తున్నారు" అన్నాడు. నాకును అట్లే తోచినది. చివరకు ఆమెనే అడిగితిని. "మాస్టారూ, ఆమె నాలుకకు నేను ఇంకా పని చెప్పలేదండి. ముందు చెవికి చెబుతున్నాను" అని ఆమె సమాధానము.

దాని యర్థము కొంచెము వివరించెదను.

బిడ్డ పలుకుటకు చాలముందే వినుట నేర్చును. 1984లో కెనడా దేశమున జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అను శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధన ఒకటి మనవంటివారికి వింతగా తోచును. హిందీలోని 'ట'కును 'త'కును గల భేదమును ఇంగ్లీషు వారి పెద్దలు సులభముగా వినలేరు. కాని ఆరు మొదలు ఎనిమిది నెలల ఇంగ్లీషు శిశువులు దానిని వినగలిగిరి. పది పండ్రెండు నెలలు వచ్చుసరికి ఆ నేర్పు వారిలో చాలవఱకు పోయెను. ఇంటిలో ఆ భేదమునకు పని లేదు గనుక చెవి దానిని విడిచిపెట్టినది. తెలుగు బిడ్డకు 'ట, త' భేదము నిత్యము అవసరము గనుక నిలుచును. కావున నాలుక ఒక్క మాటయైనను పలుకకమునుపే చెవి తన భాషకు తగిన జల్లెడను అల్లుకొనుచున్నది.

కొందఱు పిల్లలకు ఆ జల్లెడలో ఒకచోట కన్ను పెద్దదగును. 'క'యు 'త'యు రెండును ఒకే కంత గుండ జారిపోవును. అట్టివానిని "కాకి అను" మన్నప్పుడు వాడు తాను సరిగానే అన్నాననుకొనును. మనము ఏల కోపపడుచున్నామో వానికి తెలియదు.

మఱి కొందఱి సంగతి ఇంకను చిత్రము. 1960లో జీన్ బెర్కో, రోజర్ బ్రౌన్ అను అమెరికా పండితులు ఒక బాలుని గూర్చి వ్రాసిరి. వాడు చేపను ఇంగ్లీషులో 'ఫిష్' అనుటకు బదులు 'ఫిస్' అనెడివాడు. పెద్దలు వానిని అనుకరించి 'ఫిస్' అన్న ఒప్పుకొనడు. 'ఫిష్' అన్నప్పుడే సరియని తల ఊపును. మా యింటను ఇదియే జరిగెను. నేనొకనాడు "అదిగో తాతి" అంటిని. "తాతి కాదు తాతా, తాతి!" అని పిల్ల నామీద కోపపడెను. ఇతరుల నోటి తప్పు దానికి వినబడుచున్నది. తన నోటి తప్పు వినబడుట లేదు. ఇతరులను వినుట ఒక విద్య, తన్ను తాను వినుట వేఱొక విద్య. మొదటిదానిమీదుగా రెండవదానికి బిడ్డను నడిపింపవలెను.

చెవికి శిక్షణ అను ఈ మార్గమును గ్రంథరూపమున ప్రచారములోనికి తెచ్చినవారిలో ముఖ్యుడు అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున పనిచేసిన చార్లెస్ వాన్ రైపర్. ఆయనకే నత్తి ఉండెడిది. 1939లో ఆయన వ్రాసిన వాక్చికిత్సా గ్రంథమున, బిడ్డచేత శబ్దమును పలికించుటకు ముందు దానిని గుర్తించుటయు, మాటలో ఎక్కడ ఉన్నదో కనుగొనుటయు, తప్పుడు శబ్దమునుండి వేఱుచేయుటయు నేర్పవలెనని చెప్పెను. తరువాతి పండితులు ఆయన మాటను యథాతథముగా అంగీకరింపలేదు. పలుకు తిరుగని పిల్లలందఱికిని వినుటలో లోపముండదనియు, ఉన్నను తాము తప్పుచున్న ఆ ఒక్క శబ్దము విషయముననే ఉండవచ్చుననియు తేల్చిరి. 1994లో కెనడాలో సుసాన్ ర్వాచ్యూ అను నామె 27 మంది చిన్నపిల్లలతో చేసిన పరిశోధనను ప్రకటించెను. అందఱికిని పలుకుట నేర్పుచునే, కొందఱికి తాము తప్పుచున్న శబ్దముగల మాటను విని వేఱుచేయు అభ్యాసము ఇచ్చిరి. కొందఱికి దానితో సంబంధము లేని మాటలు వినిపించిరి. మొదటివారు పలుకుటలో ఎక్కువ మెఱుగైరి. కాబట్టి ఏదో ఒకటి వినుట గాదు. తప్పుచున్న ఆ శబ్దమునే వినవలెను.

విధానము చెప్పుటకు ముందు అసలు చెవిని గూర్చి ఒక మాట. తల్లులు దీనిని శ్రద్ధగా వినవలెనని కోరుచున్నాను. జలుబు వదలని పిల్లలకు కర్ణభేరి వెనుక నీరు చేరును. నొప్పి ఉండకపోవచ్చును. బిడ్డ కేకకు పలుకును గనుక చెవులు బాగున్నవని మనమనుకొందుము. కాని మెల్లని 'స', 'క', 'త' వంటి శబ్దములు వానికి సగము సగముగా చేరుచుండును. చీము కారు చెవి సంగతి చెప్పనక్కఱలేదు. అట్టి చెవిలో కాచిన నూనెయు ఆకు పసరును పోయుటయు, పిన్నీసుతో గుమిలి తీయుటయు మన యిండ్లలో ఇంకను పోలేదు. అవి కూడదు. అట్లే చెంపమీద గట్టిగా కొట్టిన దెబ్బ కర్ణభేరిని చీల్చగలదు. ఈ మాట నేను నా వృత్తిలోనివారికి ప్రత్యేకముగా చెప్పుచున్నాను. 2009 నాటి విద్యాహక్కు చట్టము బడిలో దెబ్బను నిషేధించినది. చట్టము లేకున్నను చెవి ఉన్నది గదా!

వస పోసిన మాటలు తిరుగునని మఱికొందఱి నమ్మకము. వసకొమ్ము వలన 'త' 'క' కాదు. పసివారికి దానివలన వాంతులును కలుగవచ్చును.

నాలుగేండ్లు నిండిన బిడ్డ మాట పరాయివారికి కూడ చాలవఱకు తెలియవలెను. తెలియనిచో ముందు చెవి పరీక్ష. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద అంగన్‌వాడీలకు, బడులకు వచ్చు వైద్యబృందములు పరిశీలింపవలసిన వానిలో వినికిడి లోపమును, గ్రహణపు మొఱ్ఱియు, మాటల ఆలస్యమును ఉన్నవి. వారు వచ్చిన దినమున పిల్లను పొలమునకు తీసికొనిపోవలదు. ఇంకను పెద్ద పరీక్షలు కావలసినవారికి సికింద్రాబాదులో అలీ యావర్ జంగ్ సంస్థవారి ప్రాంతీయ కేంద్రమును, మైసూరులో 1965లో స్థాపింపబడిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థయు ఉన్నవి.

ఇక ఆట.

మొదట చోటు చూచుకొనవలెను. టెలివిజను కట్టివేయవలెను, చప్పుడు చేయు పంకా ఉన్న దానిని కూడ. బిడ్డకు అడుగున్నర దూరమున కూర్చుండవలెను. వంటయింటినుండి కేకవేసి చెప్పిన పాఠము పాఠము గాదు. దూరము పెరిగినకొలది శబ్దము వేగముగా క్షీణించును, అందును ముందుగా నశించునవి హల్లులే.

తొలి దినములలో బిడ్డ ఏమియు పలుకనక్కఱలేదు. ఇది ముఖ్యము. 'క' గల మాటలు ఒక పదునైదు ఏర్చుకొని, కాకి, కోతి, కొమ్మ, కూర, కుండ అని, నిదానముగా, స్పష్టముగా, అఱవక, సాగదీయక వినిపింపవలెను. ఒకటి రెండు నిమిషముల పని. బిడ్డ బొమ్మ దిద్దుకొనుచు వినవచ్చును.

పిమ్మట దూరపు భేదములు. 'క' వినబడినప్పుడు గిన్నెలో చింతగింజ వేయవలెను, 'మ' వినబడిన వేయరాదు. ఇది అందఱికిని వచ్చును. గెలుపు రుచి తెలియుట కొఱకు దీనిని ముందు పెట్టవలెను. దాని వెనుక దగ్గఱి భేదము: 'క'యు 'త'యు. ఇక్కడ మన భాష మనకు చేసిన మేలు చూడుడు. కోట, తోట. కల, తల. కట్ట, తట్ట. కాళ్ళు, తాళ్ళు. మేక, మేత. ఒక్క హల్లు మాఱిన లోకమే మాఱును. రెండేసి బొమ్మలు బిడ్డ ముందుంచి, నోటికి కాగితము అడ్డుపెట్టుకొని, "తట్ట ఏది?" అని అడుగవలెను. అడ్డు ఎందుకనగా, పెదవులను, నాలుకను చూచి ఊహించుట గాక చెవితో పట్టుకొనవలెను. వాడు కట్టను చూపిన "తప్పు" అనరాదు. "ఇది కట్ట. ఇదిగో తట్ట" అని రెండును మరల వినిపించిన చాలును. పదింట ఎనిమిది తొమ్మిది సరిగా చూపునప్పుడు తరువాతి మెట్టు.

తరువాతి మెట్టు పిల్లలకెల్ల ప్రియమైనది. పెద్దవారు కావలెనని తప్పు పలుకుదురు, బిడ్డ న్యాయాధిపతి. కాకి బొమ్మ చూపి నేను "తాకి" అందును. మా మనుమరాలు బల్లమీద కొట్టి "తప్పు!" అనును. "కాటి" అందును. మరల దెబ్బ. "కాకి" అన్నప్పుడు చేతులు కట్టుకొని కూర్చుండును. ముప్పదిమూడేండ్లు తప్పులు దిద్దిన నేను ఆ పిల్లచేత దినమునకు ఇరువది తప్పులు దిద్దించుకొంటిని. అది నా పాత పాపమునకు కొంత ప్రాయశ్చిత్తమని లోలోపల అనుకొనుచుండెడివాడను. ఇదే సమయమున మాటలో శబ్దము ఎక్కడ ఉన్నదో కూడ అడుగవలెను. 'కోట'లో మొదట, 'మేక'లో చివర, 'కుక్క'లో రెండుచోట్ల.

తన గొంతు తాను వినుట చివరిది. నేడు ప్రతి యింటను చరవాణి ఉన్నది గనుక బిడ్డ మాటను పట్టి, ఒక క్షణమాగి, తిరిగి వినిపింపవచ్చును. అది సరియా కాదా యని వానినే అడుగవలెను. దీనిని చుట్టముల ముందు చేయవలదు. మొదటిసారి తన 'అత్త'ను విన్న దినమున మా పిల్ల మోము చిన్నబోయెను. చాలసేపు ఊరకుండి, "నేను అత్త అన్నాను" అనెను. చికిత్సకురాలు ఆ మాట విని మాకంటె ఎక్కువ సంతోషించినది. ఆ తరువాతనే నాలుకకు పని. పుక్కిలించునప్పుడు గొంతులో నాలుక వెనుక భాగము ఎక్కడ తాకునో చూపి 'క'ను రాబట్టెను. 'క' ఒంటరిగా వచ్చుటకు పది దినములును, మాటలోనికి వచ్చుటకు మూడు నెలలును పట్టినవి. ఇప్పటికిని తొందరపడినప్పుడు కుక్క కొంచెము తడబడును. తడబడిన వెంటనే తానే ఆగి దిద్దుకొనును. నాకు అదియే చాలును.

దినమునకు పది పదునైదు నిమిషములకు మించి ఈ ఆట సాగింపవలదు. మిగిలిన సమయమున బిడ్డ "తాతి వచ్చింది" అనిన, "అవును, కాకి వచ్చింది. కాకి గోడమీద వాలింది" అని మన మాటలో సరియైన రూపము రెండు సారులు వినిపించి మన పని మనము చేసికొనవలెను. "ఏదీ, సరిగా అను" అనరాదు. అన్నము తినుచున్న బిడ్డను ముద్ద ముద్దకు పరీక్షించిన ఆకలి చచ్చును.

ఉపాధ్యాయ మిత్రులకు ఇంకొక మనవి. ఇంటి పలుకును లోపముగా ఎంచవలదు. 'భ'ను 'బ' యనుట, 'శ'ను 'స' యనుట, 'ళ'ను 'ల' యనుట ఎన్నియో కుటుంబముల వాడుక. అమ్మ నాయన అట్లే పలుకుచుండగా బిడ్డ అట్లు పలికిన వాని చెవి చక్కగా పనిచేయుచున్నదని యర్థము! ఒత్తులు వ్రాతకొఱకు నేర్పుడు; రోగమని పేరు పెట్టకుడు. ఇంటిలోను వాడలోను ఎవరును పలుకని విధముగా పలుకు బిడ్డను గూర్చియే నేను చెప్పుచున్నది.

అందఱికిని ఈ ఆటయే చాలునని నేననుట లేదు. అంగిలి చీలినవారికి శస్త్రచికిత్స ముందు. వినికిడి తక్కువైనవారికి వినికిడి యంత్రము ముందు. కొందఱి చెవి మేలుగా ఉండి నాలుక కదలికయే కుదురక పోవచ్చును; వారికి వాక్చికిత్సకులే దిక్కు. ఇంటి ఆట వారి పనికి తోడు మాత్రమే.

ఇక కార్యవర్గమువారికి నా కోరిక. మన గ్రంథాలయమున ఆదివారము సాయంకాలము నాలుగు గంటలకు చదువరులు ఇండ్లకు పోవుదురు. ఆరు గంటలవఱకు వెనుక గది ఖాళీ. ఆ గదిని పిల్లలకు ఇచ్చుటకు వారు అంగీకరించిరి. మొదట కథ ఒకటి చదివి వినిపింతుము, అందఱు పిల్లలకును. పిమ్మట బొమ్మల ఆట, అదియు అందఱికిని. పలుకు తిరుగని పిల్లలను వేఱుగా కూర్చుండబెట్టము. ఎవరికొఱకు ఈ ఆట పెట్టితిమో ఎవరికిని తెలియనక్కఱలేదు. తమ బిడ్డను గూర్చి చెప్పదలచిన తల్లులు నాతో విడిగా చెప్పవచ్చును. గదికి కిటికీ ప్రక్కనే మైకు కట్టు స్తంభమున్నది. ఆ రెండు గంటలు దానిని ఆపించు బాధ్యత సర్పంచిగారిది.

ఉన్నత పాఠశాల విద్యార్థులు అట్టముక్కలపై బొమ్మలు వేయుచున్నారు. కోట, తోట, కట్ట, తట్ట, కాళ్ళు, తాళ్ళు సిద్ధముగా ఉన్నవి. మేక కూడ వచ్చినది, చక్కగా ఉన్నది. మేత ఇంకను వేయవలసి యున్నది.